విహారనౌకకు ఏ ఇంజను?

అమెరికా తీరములలో దినముల తరబడి విహరించుటకు మోటారు నౌక కొనువారికి ఎదురగు ప్రశ్న ఒకటి కలదు: గ్యాస్ ఇంజనా, డీజిలు ఇంజనా? అచ్చట గ్యాస్ అనగా వంటగ్యాస్ కాదు, మన పెట్రోలే.

పెట్రోలును స్పార్కు ప్లగ్గు రగుల్చును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జయప్రదముగా నడిపి చూపిన ఇంజనుకు ఆ రవ్వతో పనిలేదు; గట్టిగా అదిమిన గాలి వేడికే నూనె మండును. ఆ ఒత్తిడికి తాళవలెను గనుక డీజిలు ఇంజనుకు బరువు హెచ్చు, వెలయు హెచ్చు. పెట్రోలు ఇంజను తేలిక, చౌక.

అయినను నౌకలో అపాయమును కూడ లెక్కింపవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. కారునుండి వెలువడినచో గాలిలో కలిసిపోవును. నౌకలోనైతే అడుగున దిగి నిలుచును. పిదప ఒక్క రవ్వ చాలును. అందుచేతనే ఇంజను నడుపుటకు ముందు నాలుగు నిమిషములు బ్లోయరుతో ఆ ఆవిరిని వెడలగొట్టవలెనని అచ్చటి నౌకలలో హెచ్చరిక వ్రాసియుండును. సాధారణ డీజిలు సుమారు 50 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కినగాని అంటుకొనునంత ఆవిరినీయదు. పెట్రోలు పొగలో ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడ్ కూడ ఎంతో హెచ్చు.

లీటరుకు డీజిలులో శక్తి నూటికి పదిపాళ్లకు పైగా అధికము. ఇంజను దానిని పొదుపుగా వాడును. కావున అదే టాంకుతో ఎక్కువ దూరము పోవచ్చును.

ఏడాదికి కొలది గంటలే తీరము చెంత తిరుగువారికి పెట్రోలు చాలును. ఇంధనపు పొదుపుతో డీజిలు ఇంజను అధికవెల తీరుటకు ఏండ్లు పట్టును. దూరము పోయి, నౌకలోనే నిద్రించువారికి డీజిలే మేలు.