దారిద్ర్యహాస్యము

హాస్యమునకుఁ గరుణము విరోధి యని సాహిత్యదర్పణకారుఁడు చెప్పెను. దైన్యము దౌర్గత్యాదులవలనఁ గలుగునని భరతముని వచనము. ఇట్లుండఁగాఁ గూడు లేనివాఁడు తన కూటిలేమినే చెప్పి నవ్వించుట యెట్లు పొసఁగును? అట్టి నవ్వు చాటుసాహిత్యమున విరివిగాఁ గానవచ్చుచున్నది. పాఠశాలలలో నది వినోదమాత్రముగఁ జెప్పఁబడుటయుఁ గలదు. కావున దాని స్వరూపము విచారింపఁదగియున్నది.

వైయాకరణులలోఁ బ్రసిద్ధమైన సంస్కృతచాటు వొకటి కలదు. అందు బీదపండితుఁడు దాతయెదుట సమాసముల పేళ్లతోనే తన సంసారమును జెప్పుకొనును. ఆలుమగలు గనుక ద్వంద్వము. గోవులు రెండు గనుక ద్విగువు. వ్యయము చేయుట కేమియు లేదు గనుక నింట నిత్యము నవ్యయీభావము. పిదపఁ దత్పురుష కర్మధారయ శబ్దములను విఱిచి దాతను బురుషునిగా సంబోధించి, తన్ను బహువ్రీహిని జేయు పనిఁ బూనుమని వేఁడును. వ్రీహి యనఁగా వడ్లు. ఇందు యాచన కలదు. దైన్యవాచక మొక్కటియు లేదు.

ఈ బహువ్రీహి నెల్లూరు సీమవారికి సులభముగ బోధపడును. నెల్లూరను పేరు వరిని జెప్పు ‘నెల్లు’ శబ్దమునుండి వచ్చెనని కొందఱును, ‘నెల్లి’ యనఁగా నుసిరిచెట్టునుండి వచ్చెనని కొందఱును జెప్పుదురు. పెన్నానది పాఱు నా సీమ మొలగొలుకుల వడ్లకుఁ బేరుగన్నది. వరిసీమయందైనను బహువ్రీహి యన్యపదార్థప్రధానమే. వడ్లు పదములోఁ గనఁబడును. అవి గలవాఁడు మాత్రము వేఱొకఁడు. శాస్త్రలక్షణమే లోకస్థితిని జెప్పుచున్నది.

నెల్లూరికి విక్రమసింహపురి యని ప్రాచీననామము. శ్రీనాథుఁడు హరవిలాసమును సింహవిక్రమపట్టణపు వర్తకుఁడగు అవచి తిప్పయసెట్టి కంకిత మొసఁగెను. ఆ పట్టణము నెల్లూరే యని పలువురు పండితుల యభిప్రాయము. సింహళమునుండి యేనుఁగులను, హురుముంజినుండి గుఱ్ఱములను, చీనినుండి పట్టుబట్టలను దెప్పించిన యా సముద్రవర్తకుల కలిమి కావ్యావతారికలో వర్ణింపఁబడినది. ఆ కలిమిని గొనియాడిన కవియే తుదిని లేమిని జూచెను.

శ్రీనాథునిదిగాఁ జెప్పఁబడు నొక చాటువు దీనికి సాక్ష్యము. అతఁడు బొడ్డుపల్లెను గుత్తకుఁ గొనెను. పంటఁ గొంత కృష్ణ గొనిపోయెను. కొంత పక్షులు తినెను. ఏడునూఱు టంకములు చెల్లింపలేక కవి పురవీధిలో నెండకు నిలువఁబడెను. కాళ్లకు సంకెళ్లు, భుజముపై గుండు. ఈ శిక్షాసాధనములకుఁ గవి బంధుమర్యాదలు కల్పించెను: ఒకటి తన్నుఁ గౌఁగిలించె నట, ఒకటి తనతో వియ్యమందె నట! మెడఁ దగిలిన సాధనమునకుఁ బొగడదండ యని పేరు. పొగడపూలమాలయుఁ బొగడదండయే. సన్మానమున వేయఁదగినది శిక్షగాఁ బడినది. ప్రతిబంధనముచెంతఁ దన బిరుదమునో కృతినో నిలుపుటచే నవ్వు కవిపైఁ బుట్టినను, సిగ్గు శిక్షించినవానికిఁ జెందుచున్నది. పద్యాంతమున మాత్రము నవ్వు నిలువదు. అప్పెట్లు తీఱునను ప్రశ్న మిగులును.

తాను నవ్వుట యాత్మస్థమనియుఁ, బరుల నవ్వించుట పరస్థమనియు భరతుఁడు హాస్యమును విభజించెను. ఈ చాటువులలో రెండును గలిసినవి, ఆలంబనము వక్తయే. విరుద్ధరసములలో నొకటి యంగమైనచో విరోధము లేదని ధ్వన్యాలోకమున ఆనందవర్ధనుఁడు నిర్ణయించెను. ఇచట హాస్య మంగము, శోకప్రధానమగు కరుణ మంగి. నవ్వును దీసివేసినను శోకము నిలుచును. శోకమును దీసివేసినచో నవ్వున కర్థము లేదు.

పరుల లేమిఁ జూచి నవ్వుట వేఱు. మృచ్ఛకటికమున నుజ్జయినీనగరపు శకారుఁడు, రాజబంధుత్వగర్వమున, చారుదత్తుని దరిద్రుఁడని పరిహసించును, అది క్రౌర్యము. చారుదత్తుఁడో, తన యింటఁ గన్నము పడినదని తెలిసి, పాపము దొంగ వట్టిచేతులతోఁ బోయియుండునని చింతించును. దారిద్ర్య మొక్కటే, నవ్వు పుట్టిన తావు వేఱు.

ఈ మార్గ మిటీవలి నగరజీవితమునను గానవచ్చును. ముళ్లపూడి వెంకటరమణ (1931–2011) ఋణానందలహరిలో అప్పారావునకు అప్పడుగుట యొక విద్య. ఆనందలహరి యను స్తోత్రనామమును ఋణమునకుఁ దగిలించుటలోనే హాస్యబీజము గలదు. దేవునికిఁ జెల్లవలసిన స్తుతి యప్పిచ్చువానికిఁ జెల్లుచున్నది.

కావున బోధకుఁ డిట్టి రచనలను జెప్పునపుడు శ్లేషను విడఁదీసి యూరకుండరాదు. ఎవఁడు నవ్వుచున్నాఁడు, ఎవని యెదుట నవ్వుచున్నాఁడు, నవ్విన పిదప నేమి మిగిలినది యను మూఁడును జూపవలెను. నవ్వు టంకములను జెల్లింపదు, భుజముమీఁది గుండును దింపదు. సంకెలపడినవానికి మాట యింకను స్వాధీనమై యున్నదని మాత్రము చాటును. ఆ మాటను వినోదమని త్రోసివేసినచో శ్రోతయు నా పురవీధిలో నిలిచి చూచినవారిలో నొకఁడగును.