మినీ పీసీ సత్తా ఎక్కడుంది?

మినీ పీసీ వాడకంలో డెస్క్‌టాప్, లోపలి నిర్మాణంలో ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్ నుంచి తెర, కీబోర్డు, బ్యాటరీ తీసేసి మిగిలిన బోర్డును అరచేతిలో పట్టే పెట్టెలో బిగిస్తే దాదాపు ఇదే అవుతుంది. 2005లో ఆపిల్ తెచ్చిన మ్యాక్ మినీతో ఈ రూపం ప్రజలకు పరిచయమైంది. 2012 తర్వాత ఇంటెల్ ‘నక్’ పేరుతో నాలుగు అంగుళాల చదరపు బోర్డును తేవడంతో అనేక కంపెనీలు ఈ దారి పట్టాయి. 2023లో ఇంటెల్ తప్పుకోగా ఆ శ్రేణిని ఆసుస్ కొనసాగిస్తోంది. 2024 నాటి మ్యాక్ మినీ పొడవు, వెడల్పు 12.7 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు మాత్రమే. చాలా మినీ పీసీలను మానిటర్ వెనకే బిగించేయవచ్చు.

చిన్న పెట్టె కంప్యూటర్ తెలుగు నేలకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో సుమారు 5,000 ప్రభుత్వ పాఠశాలలకు ఎన్‌కంప్యూటింగ్ కంపెనీ పరికరాలు ఎంపికయ్యాయి. ఒక కంప్యూటర్ శక్తిని కొందరు విద్యార్థులు పంచుకునే ఏర్పాటు అది. పిల్లల ముందున్న పెట్టె తెరను, కీబోర్డును అసలు కంప్యూటర్‌కు కలిపేదే తప్ప సొంతంగా లెక్కలు చేసేది కాదు. ఆ కంప్యూటర్ ఆగితే దాని మీద ఆధారపడిన తెరలన్నీ ఆగేవి. నేటి మినీ పీసీలో ప్రాసెసర్, మెమొరీ, నిల్వ అన్నీ లోపలే ఉంటాయి.

సామర్థ్యాన్ని మొదట నిర్ణయించేది ప్రాసెసర్. చవక పెట్టెల్లో విరివిగా కనిపించే ఇంటెల్ ఎన్100లో నాలుగు కోర్లు ఉంటాయి, గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్జ్. హనుమకొండలో కళాశాలల చుట్టూ ఉన్న జిరాక్స్ దుకాణాలకు, మీసేవ దరఖాస్తులకు, తెలుగు టైపింగ్‌కు, ఆన్‌లైన్ పాఠాలకు ఇది చాలు. పెళ్లి వీడియోలు కూర్చే స్టూడియోకు, పెద్ద ప్రోగ్రాములు నడిపే ఇంజినీరింగ్ విద్యార్థికి మాత్రం చాలదు. వారికి ఎనిమిది కోర్లు, 5.1 గిగాహెర్ట్జ్ వరకు వేగం ఉన్న ఏఎండీ రైజెన్ 7 7840హెచ్ఎస్ వంటిది కావాలి. దాని గ్రాఫిక్స్ భాగం కూడా ఎంతో బలమైనది.

అయితే పెట్టె మీద రాసిన గరిష్ఠ వేగం కొద్దిసేపటి సంగతి. ఎన్100 విద్యుత్ పరిమితి కాగితం మీద 6 వాట్లు. బరువైన పని రాగానే అది కాసేపు అంతకు మించి విద్యుత్తు తీసుకుని వేగం పెంచుతుంది. ఎంత మించాలో, ఎంతసేపు మించాలో పెట్టె తయారీదారు నిర్ణయిస్తాడు. అందుకే ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు పెట్టెలు ఒకేలా పనిచేయకపోవచ్చు. రెండు నిమిషాల పరీక్షలో ఈ తేడా బయటపడదు. అరగంట ఆపకుండా వీడియో మార్పిడి చేయిస్తేనే అసలు సామర్థ్యం తెలుస్తుంది.

వేగం ఎంతసేపు నిలుస్తుందన్నది వేడి మీదా ఆధారపడుతుంది కాబట్టి వరంగల్ ఎండల్లో ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎన్100 వేడి 105 డిగ్రీలకు చేరితే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గది 25 డిగ్రీలుంటే ఆ హద్దుకు 80 డిగ్రీల ఎడం ఉంటుంది. మే నెలలో రేకుల కప్పు కింద గది 40 డిగ్రీలైతే మిగిలే ఎడం 65 డిగ్రీలే. అంటే అదే ఫ్యాన్, అదే హీట్‌సింక్ బయటికి పంపగల వేడి దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. ఫ్యాన్ లేని పెట్టెకు ఈ కష్టం మరీ ఎక్కువ. ఫ్యాన్ ఉన్నవాటికి దుమ్ము గండం. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి నూగు గాలిలో తేలే చోట్ల గాలి పీల్చే సన్నని జాలీలు త్వరగా మూసుకుపోతాయి. కాబట్టి నాలుగు స్క్రూలు విప్పి తుడుచుకునే వీలున్న పెట్టెనే ఎంచుకోవాలి.

మెమొరీ విషయంలో ఎంత ఉందన్నదే కాదు, ఎలా అమర్చారన్నదీ చూడాలి. ఎన్100 ఒక్క దారిలోనే మెమొరీతో మాట్లాడుతుంది. ఇంటెల్ అధికారికంగా చెప్పే హద్దు 16 జీబీ. రైజెన్ పెట్టెల్లో మాత్రం రెండు దారులుంటాయి, అందుకే ఒకే 16 జీబీ ర్యామ్ కన్నా రెండు 8 జీబీలు మేలు. గ్రాఫిక్స్ భాగం కూడా ఇదే మెమొరీని వాడుకుంటుంది కాబట్టి ఒక దారి మూసేస్తే ఆటలు, వీడియో పనులు బాగా నెమ్మదిస్తాయి. కొన్ని పెట్టెల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. నిల్వకు ఎస్ఎస్‌డీ ఉంటే చాలు. పాత హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 150 మెగాబైట్లు చదివితే సాటా ఎస్ఎస్‌డీ సుమారు 550 చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకం 3,500 దాటి కూడా వెళ్లగలదు గానీ, చవక పెట్టెల్లో దానికి ఇచ్చే దారి ఇరుకు కావడంతో తరచూ 900 దగ్గరే ఆగిపోతుంది.

పోర్టులను కొనేముందే లెక్క చూసుకోవాలి. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, కీబోర్డు, మౌస్ కలిస్తేనే ఐదు యూఎస్‌బీలు. మార్కెట్ యార్డుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో వేబ్రిడ్జి తూకం చూపే పరికరాలు చాలా వరకు పాత సీరియల్ పోర్టుతోనే కలుస్తాయి. మామూలు మినీ పీసీలో అది ఉండదు. పరిశ్రమల కోసం చేసిన పెట్టె గానీ, యూఎస్‌బీ మార్పిడి తీగ గానీ కావాలి.

కరెంటు ఆదా మాత్రం నిస్సందేహం. తేలికపాటి పనిలో ఎన్100 పెట్టె 10 నుంచి 15 వాట్లతో నడుస్తుంది. పాత టవర్ కంప్యూటర్ 70 వాట్లు తీసుకుంటుందనుకుంటే తేడా సుమారు 60 వాట్లు. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 25 రోజులు చొప్పున ఒక్కో యంత్రానికి 12 యూనిట్లు, పది యంత్రాలున్న శిక్షణ కేంద్రానికి 120 యూనిట్లు మిగులుతాయి. కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్ మరింత ఎక్కువసేపు నిలబెడుతుంది. ఈ పెట్టెలకు విద్యుత్తు బయటి అడాప్టర్ నుంచే వస్తుంది. కంప్యూటర్లకూ అడాప్టర్లకూ మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఆ గుర్తు, నంబరు రెండింటి మీదా ఉన్నాయో లేదో డబ్బు చెల్లించే ముందే చూసుకోవాలి. అడాప్టర్ పాడైతే అదే వోల్టేజి, అంతకు తగ్గని వాట్లు ఉన్నదే కొనాలి.