టు ముందా, వెనకా? ఇంగ్లిష్ బుల్లి మాటల పెద్ద విశేషాలు

మీకు తెలుసా? బరాక్ ఒబామా 2009 జనవరిలో వరుసగా రెండు రోజులు అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. కారణం ఒకే ఒక్క క్రియా విశేషణం! అమెరికా రాజ్యాంగంలో ఉన్న మాట ‘ఐ విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్’. జనవరి 20న అశేష జనం ఎదుట ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ కాగితం చూడకుండా చెప్పిస్తూ ‘ఫెయిత్‌ఫుల్లీ’ని వాక్యం చివరికి నెట్టేశారు. తేడా పట్టేసిన ఒబామా టక్కున ఆగిపోయారు. ఎందుకొచ్చిన అనుమానమని మర్నాడు వైట్‌హౌస్‌లోని మ్యాప్ రూమ్‌లో మళ్లీ చెప్పించారు. ఈసారి నెమ్మదిగా, మాటకు మాట! ‘విల్’కీ వెర్బుకీ మధ్య మరో మాట ఇరికించకూడదన్న బడి పాఠమే రాబర్ట్స్ నాలుకకు అడ్డుపడి ఉంటుందని భాషా శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ పత్రికలో రాశారు కూడా. ఒక్క మాట చోటు మారితే అగ్రరాజ్యంలో రెండో ప్రమాణం... అబ్బో!

ఇంతకీ ఆ పాఠానికి మూలం ఏమిటి? ‘టు గో’, ‘టు ఈట్’ లాంటి జంట పేరు ఇన్ఫినిటివ్. ఆ జంట మధ్యలో ఇంకో మాట దూరితే అది స్ప్లిట్ ఇన్ఫినిటివ్, బడి లెక్కలో తప్పు. ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న స్ప్లిట్ ఎక్కడిదో తెలుసా? 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ సీరియల్‌ది. ‘టు బోల్డ్‌లీ గో’! 1987లో కొత్త సీరియల్ వచ్చినప్పుడు అదే వాక్యంలోని ‘నో మ్యాన్’ని ‘నో వన్’గా మార్చారు. ‘బోల్డ్‌లీ’ని మాత్రం ఎవరూ కదపలేదు. పేరుకు తగ్గ ధైర్యం!

మీకు తెలుసా? కాంటర్‌బరీ చర్చి డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864లో తెచ్చిన ‘ఎ ప్లీ ఫర్ ది క్వీన్స్ ఇంగ్లిష్’ పుస్తకంలో, ఇలా విడగొట్టే అలవాటు ఇంగ్లిష్ వాళ్లకు లేనే లేదని తేల్చేశారు. 13వ శతాబ్దపు రాతల్లోనే అది కనిపిస్తుంది. ఆరు వందల ఏళ్లు కళ్లెదుటే ఉన్నా కనబడలేదన్నమాట!

ఇంకా వినండి. 1871లో బ్రిటన్, అమెరికా వాషింగ్టన్ ఒప్పందం కోసం బేరాలాడుతున్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం మిగతా విషయాల్లో తగ్గింది గానీ, ‘టు’కీ వెర్బుకీ మధ్య క్రియా విశేషణం పెడితే మాత్రం ఒప్పుకునేది లేదని టెలిగ్రామ్ కొట్టిందట! బేరాలకు వెళ్లిన బృందంలోని స్టాఫర్డ్ నార్త్‌కోట్ జీవిత చరిత్రలో ఆండ్రూ లాంగ్ రాసిన ముచ్చట ఇది.

రేమండ్ చాండ్లర్ డిటెక్టివ్ నవలలు చదివారా? 1947లో ఒక పత్రిక ప్రూఫ్ రీడర్ ఆయన వాక్యాల్ని సరిదిద్దబోతే, ‘నేను ఇన్ఫినిటివ్‌ని విడగొడితే అది విడిగానే ఉండాలి’ అన్న అర్థంలో ఘాటుగా ఉత్తరం రాశారు. డిటెక్టివ్ రచయితతో పెట్టుకోవచ్చా మరి?

1926లో ఇంగ్లిష్ వాడుక నిఘంటువు రాసిన ఫౌలర్ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లని ఈ ఒక్క విషయం మీదే ఐదు రకాలుగా విభజించాడు, తెలుసా? అందులో మొదటి రకం వాళ్లకు స్ప్లిట్ ఇన్ఫినిటివ్ అంటే ఏమిటో తెలియదు, దాని గురించి పట్టింపూ లేదు. జనంలో ఎక్కువమంది వాళ్లేనట. హాయిగా ఉండేదీ వాళ్లేనట!

సరే, ఒక పందెం. ‘ది కంపెనీ ఎక్స్‌పెక్ట్స్ టు మోర్ దాన్ డబుల్ ఇట్స్ ప్రాఫిట్స్’. ఇందులో ‘మోర్ దాన్’ని ఇంకెక్కడైనా పెట్టి చూపండి. ‘టు’ ముందు పెడితే అర్థం చెడుతుంది, చివర పెడితే వాక్యం చెడుతుంది. విడగొట్టడం ఒక్కటే దారి! నియమం పెట్టినవాళ్లకు ఇది తట్టనే లేదు. ‘ది ఎకనమిస్ట్’ పత్రిక స్టైల్ గైడ్ 2018లో గానీ పట్టు సడలించలేదు.

ఇప్పుడు తోక సంగతి. వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదన్న మాట విన్నారా? దాన్ని పైకి తెచ్చినవాడు కవి డ్రైడెన్, 1672లో. బెన్ జాన్సన్ నాటకంలో వాక్యం చివర వేలాడుతున్న ప్రిపొజిషన్‌ని తప్పుపట్టాడు. తమాషా ఏమిటంటే, తన పాత పుస్తకంలోనూ అవే ఉన్నాయి. 1684 ముద్రణ కోసం కూర్చుని వాటన్నిటినీ ఏరేశాడు!

ఈ నియమాన్ని వెక్కిరించే ‘అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్’ చర్చిల్ మాటేగా అంటారా? కాదు! ఇదే జోక్ 1942లో ఒక పత్రికలో అచ్చయింది, చర్చిల్ పేరే లేకుండా. మంచి జోకు పెద్దమనిషి ఖాతాలో చేరడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

మీకు తెలుసా? ఒకే వాక్యం చివర ఐదు బుల్లి మాటలు క్యూ కట్టగలవు. నిద్రకు ముందు నాన్న, పిల్లవాడికి నచ్చని కథల పుస్తకం పట్టుకుని మేడ మీదికి వచ్చాడు. పిల్లవాడి ప్రశ్న: ‘వాట్ డిడ్ యు బ్రింగ్ దట్ బుక్ ఐ డిడింట్ వాంట్ టు బి రెడ్ టు ఔట్ ఆఫ్ అప్ ఫర్?’ టు, ఔట్, ఆఫ్, అప్, ఫర్! డ్రైడెన్ వింటే ఏమైపోయేవాడో!

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇప్పుడు అసలైన క్విజ్. ‘గివ్ మి ఎ పెన్ టు రైట్’ ఒప్పా, తప్పా? తోక తెగింది! పెన్ను కావాలంటే ‘టు రైట్ విత్’. కాగితమైతే ‘టు రైట్ ఆన్’. వ్యాసానికి విషయమైతే ‘టు రైట్ అబౌట్’. ఉత్తరం రాయడానికి మనిషైతే ‘టు రైట్ టు’. ముందొక టు, వెనకొక టు, మధ్యలో వెర్బ్!

మనం ‘రాసుకోవడానికి పెన్ను’, ‘రాసుకోవడానికి కాగితం’ అని ఒకే మాటతో సరిపెట్టేస్తాం. అందుకే మన ఇంగ్లిష్‌లో ఈ తోక ముందుగా ఎగిరిపోతుంది. మరి ‘వాటర్ టు డ్రింక్’కి తోక ఎందుకు లేదు? కిటుకు మన విభక్తుల్లోనే ఉంది! నీళ్లను తాగుతాం, ‘ను’ వచ్చిందా, తోక వద్దు. పెన్నుతో రాస్తాం, కుర్చీ మీద కూర్చుంటాం, ఇంట్లో ఉంటాం, స్నేహితుడితో మాట్లాడతాం. తో, మీద, లో వచ్చాయా, తోక కావాలి. ‘ఎ చెయిర్ టు సిట్ ఆన్’, ‘ఎ హౌస్ టు లివ్ ఇన్’, ‘ఎ ఫ్రెండ్ టు టాక్ టు’. ఆరో తరగతిలోనే ఈ ముక్క చెప్పేస్తే ఎంత బాగుండు!

ఇక ఈ బుల్లి మాటలు వేసే వేషాలు చూడండి. ‘టు రన్ అప్ ఎ హిల్’ అంటే కొండ పైకి పరుగెత్తడం, ‘టు రన్ అప్ ఎ బిల్’ అంటే బిల్లు పెంచేసుకోవడం. కవలల్లా లేవూ? ఇప్పుడు కొండ బదులు ‘ఇట్’ పెట్టండి: ‘టు రన్ అప్ ఇట్’. బిల్లు బదులు పెట్టండి: ‘టు రన్ ఇట్ అప్’. ఒకచోట ‘అప్’ ప్రిపొజిషన్, ఇంకోచోట క్రియా విశేషణం. కొండెక్కినా బిల్లెక్కినా ఆయాసం మాత్రం మనకే!

లైట్ ‘గో ఆఫ్’ అయితే ఆరిపోతుంది. అలారం ‘గో ఆఫ్’ అయితే మోగుతుంది! చెట్టును ముందు ‘కట్ డౌన్’ చెయ్యాలి, ఆ తర్వాతే ‘కట్ అప్’. బంతిని ‘త్రో టు’ అంటే పట్టుకొమ్మని, ‘త్రో ఎట్’ అంటే తగలాలని. పరుగెత్తండి!

‘గో ఆఫ్’, ‘కట్ డౌన్’ లాంటి జంటలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. తలనొప్పి అంతకన్నా పాతది. 1755 నాటి నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ ఒక్క ‘టేక్’కే 130కి పైగా అర్థాలిచ్చాడు. పరదేశీయులకు అన్నిటికన్నా కష్టం ఇలాంటి జంటలేనని ముందుమాటలో ఒప్పుకున్నాడు కూడా. మరి ‘రన్’? ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ల 2011 నాటి లెక్కలో ఆ ఒక్క వెర్బుకే 645 అర్థాలు! వాటిని కూర్చడానికి ఆ నిఘంటువు సంపాదకుడు పీటర్ గిల్లివర్‌కు 9 నెలలు పట్టింది. ‘రన్’ కోసం నడక!

మన ఇళ్లలో తరాలుగా నలిగిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ గుర్తుందా? ఆ రెన్ గారు బ్రిటిష్ ఇండియా విద్యాశాఖలో పనిచేశారు. 1924లో ‘బ్యూ జెస్ట్’ అనే సాహస నవలా రాశారు. 1939లో గ్యారీ కూపర్ హీరోగా అది సినిమా కూడా అయింది. మనల్ని కామాలతో భయపెట్టిన పెద్దాయన ఎడారిలో తుపాకులు పేల్పించాడు!

చివరగా ఒక దొంగ ‘టు’. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’ అంటే ఒకప్పుడు పొద్దున్నే లేచేవాణ్ని, ఇప్పుడు లేదు. ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ’ అంటే అది నాకు అలవాటే. రెండో ‘టు’ ఇన్ఫినిటివ్‌ది కానే కాదు, వేషం మార్చిన ప్రిపొజిషన్! ఉత్తరాల చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీటింగ్’ రావాల్సిందీ దానివల్లే. ఉదయం షిఫ్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ఆ రెండిట్లో ఏది చెబుతారో ఇప్పుడే తేల్చుకోండి!