పదే పదే అక్కరకు వచ్చే కోడు తునకలు

గద్వాల చీరకు అంచు నేసే నేతగాడు ప్రతి చీరకూ నమూనాను కొత్తగా కల్పించుకొనడు. రంధ్రాలు పొడిచిన జకార్డు అట్టలను వరుసగా కుట్టి మగ్గం మీద అమర్చుకొంటాడు. ఆ అట్టలు చెడకుండా ఉన్నంతకాలం ఎన్ని చీరలకైనా అదే పూవు దిగుతుంది. 1804లో ఫ్రాన్సు దేశీయుడు జకార్డు రూపొందించిన ఈ ఉపాయంలో ఒక గొప్ప సూత్రం ఇమిడి ఉన్నది. ఒకసారి శ్రద్ధగా ఆలోచించిన పనిని దాచుకొన్నచో మళ్ళీ మళ్ళీ ఆలోచించవలసిన అగత్యం లేదు. కంప్యూటరు విద్యలో ఈ సూత్రానికి అతి సామాన్యమైన రూపమే చిన్న కోడు తునక.

1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అను కంప్యూటరు పని ప్రారంభించినప్పుడు విల్క్స్, వీలర్ మొదలైనవారు తరచు అవసరమయ్యే గణనలను విడివిడిగా కాగితపు పట్టీల మీద రంధ్రాలుగా పొడిచి భద్రపరచినారు. కొత్త లెక్క వచ్చినప్పుడు కావలసిన పట్టీని తీసి నకలు చేసుకొనేవారు. 1973లో యూనిక్స్ వ్యవస్థలో మెకిల్‌రాయ్ సూచన మేరకు ఒక చిన్న ఆదేశపు ఫలితాన్ని గొట్టంలో నీటివలె మరొక ఆదేశానికి అందించే పద్ధతి వచ్చింది. నెదర్లాండ్స్ దేశీయుడు గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ భాషలో నేడు మన విద్యార్థులు కూడా ఇటువంటి తునకలను పది పంక్తులలో వ్రాయగలరు.

అయితే వీటితో మన ప్రాంతంలో ఏమి ప్రయోజనమని ఎవరైనా అడుగవచ్చు. కళాశాల కార్యాలయంలోని జాబితాలనే ఉదాహరణగా తీసుకొందాం.

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వేరుపడినవి. అంతకు ముందరి జాబితాలలో అందరికీ ఒకే జిల్లా పేరు ఉంటుంది. ఒక పేరు తీసి మరొక పేరు పెట్టే తునక ఇక్కడ పనికిరాదు. ఒక్క పేరు స్థానంలో అనేక పేర్లు రావలెను గదా! కనుక మండలానికి ఎదురుగా జిల్లాను చూపే చిన్న పట్టికను ముందుగా సిద్ధం చేయాలి. అలంపూర్, అయిజలకు ఎదురుగా జోగులాంబ గద్వాల. పెబ్బేరు, కొత్తకోటలకు వనపర్తి. అచ్చంపేట, కొల్లాపూర్‌లకు నాగర్‌కర్నూల్. తునక ప్రతి వరుసలోని మండలాన్ని పట్టికలో వెదకి జిల్లాను వ్రాస్తుంది. పట్టికలో దొరకని మండలాన్ని ఊహించకుండా వేరే కాగితంలోకి తీసి చూపుతుంది. ఆనాడే కొత్త మండలాలు కూడా ఏర్పడినందున కొన్ని చోట్ల గ్రామాన్ని సైతం పరిశీలించవలసి ఉంటుంది. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు మార్చవలసి వచ్చేది పట్టికనే గాని తునకను కాదు. మారే సమాచారాన్ని, మారని పనిని వేరువేరుగా ఉంచుటలోని మేలు ఇదే.

రెండవది అక్షరాల చిక్కు. నాగర్‌కర్నూల్ అను పేరును ఒకరు మధ్య ఖాళీ విడిచి వ్రాస్తారు. మరొకరు కలిపి వ్రాస్తారు. కలిపి వ్రాసినప్పుడు కకారం వత్తుగా మారకుండా యూనికోడులో 8204వ సంఖ్య గల, కంటికి కనబడని గుర్తు ఒకటి మధ్యలో ఉంచవలసి ఉంటుంది. కన్నుకు ఒకే ఊరు. యంత్రానికి వేరువేరు ఊళ్ళు. ఉర్దూలోనూ ఇదే స్థితి. అరబీ కాఫ్ సంఖ్య 1603, ఉర్దూ కాఫ్ సంఖ్య 1705. అరబీ యే 1610, ఉర్దూ యే 1740. పదం నడుమ వాటి రూపాలు ఇంచుమించు ఒకటే అయినను వెదకినప్పుడు ఒకదానికి మరొకటి దొరకదు. ఖాళీలను, కనబడని గుర్తులను తొలగించి, ఈ జంటలను ఏకం చేసే తునక ఒక్కటి ఉన్నచో వెదకులాట సగం తీరుతుంది. కాని ఈ మార్పు పోల్చుటకై చేసిన నకలులోనే జరగాలి. అసలులో ఆ గుర్తును తొలగిస్తే ఊరి పేరే వికృతమవుతుంది.

మూడవది మనకు మరింత దగ్గరి విషయం: మనుష్యుల పేర్లు. ఒకే విద్యార్థి పేరు ఒక పత్రంలో మహమ్మద్ అని, మరొక పత్రంలో మొహమ్మద్ అని, ఇంకొక చోట ఎం.డి. అని ఉండుట మనకు కొత్త కాదు. షేక్ అన్నది ఎస్.కె.గా కుదించుకొనిపోతుంది. వీటన్నిటినీ ఒకే రూపానికి తెచ్చి పోల్చే తునక వ్రాయుట సులభమే. ప్రమాదం అక్కడే పొంచి ఉన్నది. మహమ్మద్ ఇమ్రాన్ అన్న పేరు ఒకే తరగతిలో ఇద్దరికి ఉండవచ్చును. ఒకే పేరు రెండుసార్లు వచ్చినదని యంత్రం ఒక వరుసను తుడిచివేస్తే, ఆ వరుసలోని బిడ్డకు ఆ ఏటి విద్యార్థివేతనం అందకుండా పోవచ్చును. కనుక ఇటువంటి తునక ఎవరినీ తొలగించరాదు, ఎవరి పేరునూ దిద్దరాదు. అనుమానమున్న వరుసలను ప్రవేశ సంఖ్యతోను, పుట్టిన తేదీతోను పక్కపక్కన చూపి ఊరుకోవాలి. తీర్పు మనిషిదే.

తునకలు వ్రాసే విద్యార్థులు కొన్ని నియమాలు పాటించుట మంచిది. ఒక తునకకు ఒకే పని అప్పగించాలి. దాని పేరు చూడగానే పని తెలియాలి. ఏమి ఇస్తే ఏమి వస్తుందో మొదటి పంక్తిలోనే తెలుగులో వ్రాయాలి. దస్త్రం తెరిచేటప్పుడు యు.టి.ఎఫ్.-8 అని స్పష్టంగా చెప్పాలి. లేనిచో కొన్ని కంప్యూటర్లలో తెలుగు, ఉర్దూ అక్షరాలు గజిబిజి అవుతాయి. అసలును ముట్టక నకలు మీద, అదీ ముందుగా పది వరుసల మీద పరీక్షించాలి. పనికి ముందు ఎన్ని వరుసలున్నవి, తరువాత ఎన్ని ఉన్నవి లెక్క చూడాలి. ఈ చివరి నియమం ఒక్కటే ఎన్నో అనర్థాలను ఆపగలదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఇటువంటి తునకలు ఏ ఒక్క అధ్యాపకుని వద్దనో ఉండిపోతే ఆయన బదిలీతోనే అవీ వెళ్ళిపోతాయి. గ్రంథాలయంలో పుస్తకాలకు బీరువా ఉన్నట్లే, కళాశాల కంప్యూటరులో వీటికి ఒక చోటు కేటాయించాలి. అందులో తునకలు మాత్రమే ఉండాలి. విద్యార్థుల పేర్లు, వివరాలు ఉండరాదు. ప్రతి సంవత్సరం చివరి తరగతి విద్యార్థులు తలా ఒక తునకను పరీక్షించి అందులో చేర్చి వెళ్ళినచో తరువాత వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పని తేలికవుతుంది. కార్యాలయంలో ఒకరి పేరు మరొకరి పేరులో కలిసిపోకుండానూ ఉంటుంది.