నల్లగీతల్లో నలుగురు రౌతులు

‘నలుగురు రౌతులు’ 1498లో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో వెలువడిన చెక్క అచ్చు బొమ్మ. గీసినవాడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్, ఆ ఊరి కంసాలి కొడుకు. బైబిల్‌లో చివరిదైన ప్రకటన గ్రంథానికి ఆయన గీసిన 15 బొమ్మల్లో ఇది అందరికీ తెలిసినది. ఎత్తు సుమారు 39 సెంటీమీటర్లు, వెడల్పు 28.

ఆ గ్రంథం ఆరో అధ్యాయంలో క్రీస్తుకు గుర్తైన గొర్రెపిల్ల గ్రంథపు చుట్టకున్న ఒక్కో ముద్ర విప్పుతుంటే ఒక్కో రౌతు బయల్దేరతాడు. గ్రంథకర్త యోహాను వారిని గుర్రాల రంగులతో వేరుచేసి చెబుతాడు: తెలుపు, ఎరుపు, నలుపు, పాలిపోయిన వన్నె. డ్యూరర్ దగ్గర ఉన్నదల్లా నల్లసిరా. అందుకే చూసేవాడి కన్ను రౌతుల చేతులమీద పడేలా చేశాడు. ఒకరిది విల్లు, ఒకరిది ఖడ్గం. నట్టనడుమ దూసుకొస్తున్న కరవు చేతిలో త్రాసు. ఎముకల గూడులాంటి మృత్యువు బక్కచిక్కిన గుర్రంపై శూలం పట్టుకుని వస్తాడు. ఒకరి తర్వాత ఒకరు రావలసినవారిని ఒకే దండుగా కలిపి పరుగెత్తించడమే ఈ బొమ్మకు ప్రాణం. డెక్కల కింద జనం కూలిపోతున్నారు. ఎడమ మూలన నరకం నోరు తెరిచి ఒక కిరీటధారినే మింగేస్తోంది.

ఇలాంటి బొమ్మను ముందు చెక్క పలకమీద గీస్తారు. గీతలను వదిలి, చుట్టూ ఉన్న చెక్కనంతా కత్తితో, ఉలితో తీసేస్తారు. నిలిచిన గట్లకు సిరా పూసి కాగితం అద్దితే బొమ్మ కుడిఎడమలు తారుమారై పడుతుంది. ఉబ్బెత్తు అక్షరాల మాదిరే ఇదీ అచ్చవుతుంది కాబట్టి పుస్తకాలకు బాగా కుదిరింది. డ్యూరర్ ఒక పక్క వాక్యం, ఎదుట నిండు పేజీ బొమ్మ ఉండేలా జర్మన్, లాటిన్ ప్రతులను తానే ప్రచురించాడు. ఒక చిత్రకారుడు ఇంత పెద్ద పుస్తకాన్ని స్వయంగా వెలువరించడం ఆ రోజుల్లో సాహసమే.

అంతకుముందు చెక్క అచ్చుల్లో ఎక్కువగా అంచుగీతలే ఉండేవి, రంగులు తర్వాత చేత్తో నింపేవారు. డ్యూరర్ గీతలను ఉబ్బించి, సన్నం చేసి, దగ్గరగా పేర్చి నీడను, బరువును, వేగాన్ని రప్పించాడు. ఆయన నల్లగీతల మీద రంగు పూస్తే బొమ్మ చెడుతుందని పండితుడు ఎరాస్మస్ 1528లో రాశాడు. డ్యూరర్ కన్నుమూసింది ఆ ఏడాదే.