టబ్బులో గుర్రపు డెక్క ఉందా? నాలాలో మాత్రం వేయకండి

మేడ మీద నీళ్ల టబ్బు పెట్టి రెండు మూడు నీటి మొక్కలు పెంచుకోవడం నగరాల్లో చాలామందికి సరదా. అలాంటి టబ్బుల్లో చవగ్గా దొరికే మొక్క ఒకటుంది. మట్టి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, నీళ్ల మీద వదిలేస్తే చాలు. ఆకు కాడ బుడ్డలా ఉబ్బి ఉంటుంది, ఊదారంగు పువ్వు పూస్తుంది. అదే గుర్రపు డెక్క. మూసీ మీద, హైదరాబాద్ చెరువుల మీద పచ్చటి చాపలా పరుచుకునేది ఇదే.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. పువ్వు బాగుందని మనుషులే దేశదేశాలకు మోసుకెళ్లారు. బెంగాల్‌లో వాగులు, వరి పొలాలు దీంతో ఎంతగా మూసుకుపోయాయంటే, దీన్ని తొలగించడానికే 1936లో అక్కడ ప్రత్యేక చట్టం తేవాల్సి వచ్చింది. ముచ్చటపడి తెచ్చిన పువ్వు మీద చట్టం!

ఇది పెరగడానికి విత్తనం కూడా అక్కర్లేదు. తల్లి మొక్క నుంచి పక్కకు ఒక కాడ పాకి, దాని కొసన పిల్ల మొక్క వస్తుంది. వెచ్చని నీళ్లు, తగిన పోషకాలు ఉంటే సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. చక్రవడ్డీ లెక్కే. ఒక్క మొక్క 12 వారాలకు 64, 24 వారాలకు 4,096. విత్తనం కట్టిందంటే అది బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది.

చాప పరుచుకున్నాక నీళ్లలోకి వెలుతురు దిగదు, ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. మత్స్యకారులకు వల వేసే చోటుండదు. మొక్కల మధ్య కదలని నీళ్లలో దోమలు పెరుగుతాయి. వానాకాలంలో ఇది కల్వర్టుకు అడ్డం పడితే నాలా పక్క బస్తీలోకి నీళ్లొస్తాయి.

తప్పంతా మొక్కలు పెంచేవాళ్లదే అనడం న్యాయం కాదు. చెరువుల్లోకి వదిలే మురుగే దీనికి మేత. అది ఆగనంత కాలం యంత్రాలు పెట్టి ఎన్నిసార్లు తీసినా మళ్లీ వస్తుంది. కానీ ఇప్పటిదాకా ఈ మొక్క లేని కుంటలోకి కొత్తగా చేరకుండా చూడటం మాత్రం ఇళ్లవాళ్ల చేతుల్లోని పనే.

టబ్బులో ఇప్పటికే ఉంటే పువ్వు వాడకముందే కాడతో సహా కోసేయాలి, అప్పుడు విత్తనం కట్టదు. ఎక్కువైన మొక్కల్ని నాలాలోనో ఖాళీ స్థలంలోనో పారేయకుండా మేడ మీద ఎండలో పరచాలి. ఆకులు వాడితే సరిపోదు, మొదలూ వేర్లూ కరకరలాడే దాకా ఎండాలి. ఆ తర్వాత కంపోస్టులో వేసుకోవచ్చు. టబ్బు కడిగిన నీళ్లు కుండీల్లో పోస్తే సరి. అంతర తామరకూ, అక్వేరియంలో మిగిలిన మొక్కలకూ ఇదే పద్ధతి.

కొత్తగా కొనేవాళ్లు మన కలువో తామరో అడగొచ్చు. ఇక పిల్ల మొక్కలు పంచుకునే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. ఊళ్లో ఉన్న ఖాలా ఇంటి దగ్గర కుంటో, వ్యవసాయ బావో ఉంటే గుర్రపు డెక్క పట్టుకెళ్లకండి. కలువ దుంప ఇచ్చి రండి.