పూసకు రంధ్రం ఎక్కడిది?

రాజంపేటలో ఏ ఉన్నత పాఠశాల విద్యార్థి చేతికైనా ఒక నల్లపూసనిచ్చి, దీనికి రంధ్రం ఎట్లా చేశారని అడిగితే, సూదితో పొడిచారనో, తొలిచారనో జవాబు వస్తుంది. కాని ఆవగింజంత గాజు తునకను తొలవబోతే అది పగిలిపోతుంది. వేలకొలది పూసలను ఒక్కొక్కటిగా తొలవడం ఎవరి తరమూ కాదు. నిజానికి ఆ రంధ్రం పూస కంటె ముందే పుట్టింది. ఆ సంగతి తెలియాలంటే రాజంపేట నుంచి కోడూరు మీదుగా రేణిగుంటకు పోయే రైలు దారి పట్టాలి. అక్కడినుంచి శ్రీకాళహస్తి వైపున్న పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపొందిన ఊరు.

మొదట గాజు స్వభావం తెలుసుకోవాలి. చెయ్యేటి ఇసుకలో ముఖ్యభాగమైన సిలికాయే గాజుకు మూలపదార్థం. శుద్ధమైన సిలికా కరగడానికి సుమారు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. సోడా కలిపితే అంతకంటె చాల తక్కువ వేడికే కరుగుతుంది. సున్నం కలిస్తే ఆ గాజు నీటికి చెడకుండ నిలుస్తుంది. మంచుగడ్డ వలె గాజు ఒక నిర్ణీతమైన వేడి దగ్గర ఒక్కసారిగా కరగదు. బెల్లం పాకం వలె క్రమంగా పలుచబడుతుంది, చల్లారేకొద్దీ క్రమంగా చిక్కబడుతుంది. ముద్దకూ గట్టిదనానికీ నడుమనున్న ఆ తీగపాకపు దశలోనే కళాకారుని పని అంతా జరగాలి.

పాపానాయుడుపేట పనివారి పద్ధతిని ఇరవయ్యవ శతాబ్దం చివరి దశకాలలో పరిశోధకులు చూసి వివరంగా వ్రాశారు. పొడుగాటి ఇనుప గొట్టం కొనకు కరిగిన గాజును ముద్దగా పట్టించి, దొర్లించి శంకువు ఆకారానికి తెస్తారు. గొట్టంలోనుంచి ఒక ఇనుప ఊచను తోసి ఆ ముద్ద నడుమ దారి చేస్తారు. రంధ్రం పుట్టింది ఇక్కడనే! తరువాత ముద్దను బట్టీలో త్రిప్పుతూ ఉండగా, మరొకరు దాని కొనను కొక్కెంతో అందుకొని బయటికి లాగుతారు. గాజు సన్నని గొట్టమై సాగుతూ వస్తుంది. ఈ ఇనుప గొట్టం పేరుమీదనే దీనికి ‘లాడా’ పద్ధతి అని పేరు.

సాగదీస్తే రంధ్రం ఎందుకు పూడదు? లోపలి వ్యాసమూ వెలుపలి వ్యాసమూ దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. తలతన్యత రంధ్రాన్ని మూయజూస్తుంది గాని, బట్టీ దాటగానే గాజు బిగుసుకొంటుంది గనుక దానికి వ్యవధి చాలదు. గాజు పరిమాణం మారదు గనుక, వ్యాసం 10 రెట్లు తగ్గితే పొడవు 100 రెట్లు పెరగాలి. లెక్కకు 10 సెంటీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల పొడవు గల బోలు ముద్దను 2 మిల్లీమీటర్ల గొట్టంగా సాగదీశామనుకొందాం. వ్యాసం 50 రెట్లు తగ్గింది. పొడవు 2,500 రెట్లు పెరిగి 750 మీటర్లవుతుంది. 2 మిల్లీమీటర్ల తునకలుగా కోస్తే 3,75,000 పూసలు! ఒక్క ఊచపోటుతో ఇన్ని రంధ్రాలు.

కోసిన తునకల అంచులు పదునుగా ఉంటాయి. వాటిని బూడిదతో కలిపి తిరిగి కాచుతారు. ఇప్పుడు తలతన్యతయే పనివాడై అంచులను గుండ్రపరుస్తుంది. బూడిద రంధ్రాన్ని పూడనివ్వదు, పూసలను ఒకదానికొకటి అంటుకోనివ్వదు.

ఈ కళకు కాగితంమీది నమూనా లేదు. లాగే చేతి వేగమే పూస లావును నిర్ణయిస్తుంది. వేగం పెరిగితే గొట్టం సన్నబడుతుంది, తగ్గితే లావెక్కుతుంది. రంగును నిప్పు కూడ నిర్ణయిస్తుంది. రాగి కలిసిన గాజు గాలి బాగా ఆడే మంటలో ఆకుపచ్చ కలిసిన నీలమవుతుంది. ఆక్సిజన్ కరవైన మంటలో అదే రాగి ఎరుపునిస్తుంది. కోబాల్టు ముదురు నీలాన్నీ, మాంగనీసు ఊదానూ ఇస్తాయి. ఏ రంగు కావాలో చెప్పేది జనుల ఆచారం. తెలుగు ఇల్లాలి మెడలోని నల్లపూసలే అందుకు ఉదాహరణ.

పుదుచ్చేరి సమీపాన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకాలు జరిపాడు. రెండువేల ఏండ్లనాడే అక్కడ ఇట్టి సాగదీసిన పూసలు తయారయ్యాయి. ఇదే తరహా పూసలు ఆఫ్రికా తూర్పుతీరం మొదలు కొరియా, జపానుల వరకు దొరికాయి. వీటికి ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టిన పీటర్ ఫ్రాన్సిస్ వంటి పరిశోధకులకు, ప్రాచీనుల విధానాన్ని ఊహించడానికి పాపానాయుడుపేట బట్టీలే సజీవమైన ఆధారమయ్యాయి. మట్టిలో పూసలు దొరుకుతాయి గాని, లాగిన చేతి వేగం దొరకదు. యంత్రపు పూసల పోటీలో ఇట్టి బట్టీ ఆరిపోతే ఆ విద్యను ఏ త్రవ్వకమూ తిరిగి ఇవ్వలేదు.

ఉపాధ్యాయులు దీనిని ప్రయోగశాలలో చూపవచ్చు. కంటి అద్దాలు ధరించి, మెత్తని సోడా గాజు గొట్టాన్ని దీపపు మంటలో త్రిప్పుతూ కాచి, ఎర్రబడి మెత్తబడగానే మంటనుంచి తీసి రెండు ప్రక్కలకు లాగాలి. వెంట్రుకవలె సాగిన ఆ గాజును చల్లారిన తరువాత విరిచి, రంగునీటిలో నిలిపితే నీరు లోపలికి ఎగబ్రాకుతుంది. రంధ్రం అంత సన్నని తీగలో కూడ నిలిచియున్నదనడానికి అదే సాక్ష్యం.